బీజీయ సమాసం విలువ కనుక్కోవడం ఎలా?

ఏడో తరగతి లెక్కల పుస్తకం ఈ పనిని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది: ఇచ్చిన విలువను చరరాశి స్థానంలో ప్రతిక్షేపించి సూక్ష్మీకరించండి. ఆ ఒక్క ముక్కలో రెండు పనులున్నాయి. అక్షరం తీసేసి దాని చోట సంఖ్యను పెట్టడం ఒకటి, పెట్టాక లెక్కించడం రెండోది. ఈ రెండింటినీ ఒకే వరసలో కానిచ్చేద్దామనుకున్నప్పుడే చాలామంది తప్పులో కాలేస్తారు. గుణకారం రాక తప్పయిన లెక్కల కంటే, సంఖ్య పెడుతూ పెడుతూనే మనసులో గుణించేయడం వల్ల తప్పయినవే ఎక్కువ. అందుకే కింద చెప్పే పద్ధతిలో మొదటి పని పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోం.

అక్షరాల గురించి ఒక మాట. బడి పుస్తకాల్లో ఎక్స్, వై అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఇక్కడ క, గ అని మన అక్షరాలే రాస్తున్నాం, లెక్కలో తేడా ఏమీ రాదు. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ అని రాసే అలవాటు 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్‌తో స్థిరపడింది. దానికి దాదాపు అయిదు వందల ఏళ్ల ముందే భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యావత్తావత్, కాలక, నీలక అని పేర్లు పెట్టి, లెక్క చేసేటప్పుడు యా, కా, నీ అని పొడి అక్షరాలు వాడాడు. అక్షరం అనేది పేరు మాత్రమే. ఆ పేరు వెనక ఏ సంఖ్య ఉందో చెప్పగానే సమాసానికి ఒక విలువ వచ్చేస్తుంది.

కలం పెట్టే ముందు చదవండి

సమాసాన్ని ఒకసారి పైకి చదవండి. ఉదాహరణకు ఇది:

2క² − 3కగ + గ² − 4

దీన్ని "రెండు ఇంటూ క స్క్వేర్, మైనస్ మూడు ఇంటూ క ఇంటూ గ, ప్లస్ గ స్క్వేర్, మైనస్ నాలుగు" అని చదవాలి. ఆ ఇంటూలు కాగితం మీద కనిపించవు. చదివేటప్పుడు బయటికి తీయకపోతే రాసేటప్పుడు జారిపోతాయి.

చిక్కంతా ఎక్కడుందంటే, లెక్కల్లో పక్కపక్కన రాయడానికి మూడు వేరువేరు అర్థాలున్నాయి. 35 అని రాస్తే 3 పదుల స్థానంలో, 5 ఒకట్ల స్థానంలో ఉన్నట్టు. 3క అని రాస్తే 3ని క తో గుణించినట్టు. 3½ అని రాస్తే 3కి ½ కలిపినట్టు. ఒకే రాత, మూడు లెక్కలు. క = 5 అన్నప్పుడు 3క ని 35 అని రాసే పిల్లవాడు తెలివితక్కువవాడేం కాదు. మొదటి అర్థాన్ని రెండో చోట వాడాడు, అంతే. అలాగే క = 3½ అని ఇస్తే 2క ని 2 × 3 × ½ అని విడగొట్టే పొరపాటు కూడా జరుగుతుంది. మిశ్రమ భిన్నం ఇచ్చినప్పుడు మొట్టమొదట దాన్ని అపక్రమ భిన్నంగా, అంటే 7/2గా, మార్చుకుని తర్వాతే ముందుకెళ్లండి.

చదివేటప్పుడే చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఘాతాంకం దేని నెత్తిన ఉందో దానికే చెందుతుంది. 4క² లో వర్గం క ఒక్కదానికే, 4కి కాదు. 4కి కూడా కావాలంటే (4క)² అని రాస్తారు. క = 3 అయితే మొదటిది 36, రెండోది 144. పదం ముందు అంకె ఏమీ లేకపోతే గుణకం 1. −క అంటే −1 × క. ఇక భిన్నం గీత కనిపించని బ్రాకెట్ లాంటిది. దాని పైన ఉన్నదంతా ఒక ముద్ద, కింద ఉన్నదంతా ఇంకో ముద్ద.

బ్రాకెట్లతో పెట్టండి, అక్కడ ఆగండి

ఇప్పుడు పై సమాసంలో క = −2, గ = 3 అనుకుందాం. మొదటి వరసలో చేయాల్సింది ఒక్కటే. సమాసాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ రాస్తూ, అక్షరం వచ్చిన ప్రతిచోటా ఖాళీ బ్రాకెట్ పెట్టడం:

2( )² − 3( )( ) + ( )² − 4

తర్వాత ఆ ఖాళీల్లో విలువలు నింపండి:

2(−2)² − 3(−2)(3) + (3)² − 4

ఈ వరసలో ఒక్క గుణకారం కూడా చేయకూడదు. గుర్తులు మార్చకూడదు. 3కి బ్రాకెట్ ఎందుకు, ధన సంఖ్యే కదా అనిపిస్తుంది. పెట్టండి. ఏ సంఖ్యకు బ్రాకెట్ అవసరమో ఏది అక్కర్లేదో ఆలోచించడానికి పట్టే సమయం కన్నా పెట్టేయడానికి పట్టేదే తక్కువ. బ్రాకెట్ లేకుండా రాస్తే ఏమవుతుందో చూడండి: 2−2² − 3−2 3. ఇందులో మొదటి ముక్కను ఎవరైనా 2లోంచి 4 తీసేయమనే చదువుతారు. గుణకారం కాస్తా తీసివేత అయిపోయింది.

రెండో వరసలో ఘాతాంకాలు. (−2)² = 4, (3)² = 9.

2(4) − 3(−2)(3) + 9 − 4

మూడో వరసలో గుణకారాలు. 2 × 4 = 8. −3 × −2 × 3 = +18.

8 + 18 + 9 − 4

నాలుగో వరసలో ఎడమ నుంచి కుడికి కూడికలు, తీసివేతలు: 26, 35, 31. జవాబు 31.

మీ జవాబు వేరేగా వచ్చిందా? అయితే ఆ జవాబే మీ తప్పు ఎక్కడుందో చెబుతుంది. 15 వచ్చిందంటే (−2)² ని −4 అని రాసి ఉంటారు. మైనస్ ఇంటూ మైనస్ దగ్గర జారారు. 39 వచ్చిందంటే 2ని కూడా వర్గంలోకి లాగి (−4)² = 16 చేశారు. −5 వచ్చిందంటే −3 × −2 × 3 దగ్గర ఒక మైనస్‌ను మింగేసి −18 రాశారు. 12 వచ్చిందంటే వర్గం అనగానే రెండుతో గుణించారు. −2 ని −4 గానూ, 3ని 6 గానూ మార్చారన్నమాట. పిల్లలకు చెప్పేవాళ్లు ఎర్ర సిరాతో తప్పు అని గీత కొట్టే ముందు ఆ తప్పు జవాబును ఒకసారి పరిశీలిస్తే, ఏ వరస మళ్లీ చెప్పాలో తెలిసిపోతుంది.

మైనస్ గుర్తు చేసే అల్లరి

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. క = −3 అనుకుందాం.

క² = (−3)² = 9
−క² = −(−3)² = −9
(−క)² = (3)² = 9
−క³ = −(−3)³ = −(−27) = 27

రెండోది ఎందుకు −9 అయింది? ఎదుట ఉన్న మైనస్‌కు వర్గంలో చోటు లేదు. ముందు క ని వర్గం చేసి, తర్వాత ఆ మొత్తానికి మైనస్ తగిలించాలి. నాలుగో దానిలో రెండు మైనస్‌లూ వేరువేరు చోట్ల నుంచి వచ్చాయి. ఒకటి సమాసంలో మొదటి నుంచీ ఉన్నది, ఇంకొకటి విలువతో పాటు వచ్చినది. ఒకదాన్ని చూసి రెండోది కూడా అదేనేమో అనుకుని వదిలేయడం మామూలుగా జరిగేదే. బ్రాకెట్ ఉంటే రెండూ కళ్లకు కనిపిస్తాయి.

−క అని రాసి ఉంటే అది ఋణ సంఖ్యే అనుకోవడం ఇంకో భ్రమ. క = −3 అయితే −క = 3. మైనస్ గుర్తు ఆ రాశిని తిరగేస్తుందే కానీ అది ధనమో ఋణమో ముందే చెప్పదు.

తీసివేతలో ఋణ సంఖ్య వచ్చినప్పుడు తడబడేవాళ్లకు ఋణం అనే మాటే ఆసరా. ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు కూడికలు, తీసివేతలు, గుణకారాలకు సూత్రాలు చెప్పినప్పుడు వాడిన మాటలే ధనం, ఋణం. క − గ లో క = 3, గ = −5 అయితే 3 − (−5). చేతిలో ఉన్న దానిలోంచి అయిదు రూపాయల అప్పును తీసేస్తున్నారు. అప్పు కొట్టేస్తే మనిషి దగ్గర ఉన్నది పెరిగినట్టే. 8.

ఏది ముందు, ఏది వెనక

బోడ్‌మాస్ అందరికీ నోటికి వచ్చు. బ్రాకెట్లు, ఘాతాంకాలు, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత. అయితే ఆ వరసను మెట్ల లెక్కన పట్టుకుంటే తప్పు వస్తుంది. భాగహారం, గుణకారం రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఏది ఎడమవైపు ముందుగా వస్తే అది ముందు. 24 ÷ 4 × 2 విలువ 12. గుణకారం ముందు చేస్తే 3 వస్తుంది, తప్పు. కూడిక, తీసివేత కూడా ఒకే మెట్టు. 10 − 4 + 3 విలువ 9. బోడ్‌మాస్‌లో కూడిక ముందుందని 4 + 3 = 7 చేసి 10లోంచి తీసేస్తే 3 వస్తుంది. ఈ తప్పు బాగా చదివే పిల్లలే చేస్తారు, సూత్రం నోటికి వచ్చింది కాబట్టి.

బ్రాకెట్లో బ్రాకెట్ ఉంటే లోపలి నుంచి బయటికి రండి. 5 − 2[క − 3(గ − క)] లో క = 4, గ = 1 అనుకోండి.

5 − 2[(4) − 3((1) − (4))]
5 − 2[4 − 3(−3)]
5 − 2[4 + 9]
5 − 2 × 13
5 − 26 = −21

ఇక్కడ 39 వచ్చిందంటే 5 − 2 = 3 చేసి దాన్ని 13తో గుణించారు. బ్రాకెట్‌ను ఆనుకుని ఉన్న 2 ఆ బ్రాకెట్ సొత్తు. ఎడమవైపున్న 5 దాన్ని లాక్కోకూడదు.

భిన్నాలు, దశాంశాలు

9క² − 6క + 1 లో క = −2/3 పెట్టండి.

9(−2/3)² − 6(−2/3) + 1

వర్గం లవానికీ హారానికీ కూడా వర్తిస్తుంది: (−2/3)² = 4/9. లవానికి మాత్రమే చేసి 4/3 అని రాయడం అలవాటు తప్పు. 9 × 4/9 = 4, −6 × −2/3 = +4, 4 + 4 + 1 = 9.

ఇదే లెక్కను −0.67 అని దశాంశంగా మార్చి చేస్తే 9.0601 వస్తుంది. జవాబు పూర్ణసంఖ్య అయిన చోట ఇలా తోకలు రావడానికి కారణం, మొదట్లోనే సంఖ్యను కత్తిరించడం. కత్తిరించిన సంఖ్యను ఒకచోట వర్గం చేసి 9తో, ఇంకోచోట 6తో గుణించడంతో ఆ చిన్న తేడా పెరిగింది. భిన్నాన్ని చివరి వరస దాకా భిన్నంగానే మోయండి. దశాంశం కావాలంటే జవాబు దగ్గర మార్చండి.

హారంలో అక్షరం ఉంటే ముందు హారం విలువే కట్టండి. అది సున్న అయితే లెక్క అక్కడితో ముగిసినట్టే, ఆ విలువ దగ్గర సమాసం నిర్వచితం కాదు. (క² − 9)/(క − 3) లో క = 5 పెడితే 16/2 = 8. క = 3 పెడితే 0/0. దీన్ని 0 అనో 1 అనో రాయకూడదు. పైన ఉన్నదాన్ని (క − 3)(క + 3) గా విడగొట్టి, కొట్టేసి, క + 3 చేసి, అందులో 3 పెట్టి 6 అని రాసినా ఒప్పుకోరు. క − 3 తో కొట్టేసినప్పుడే, అది సున్న కాదని మనం ఒప్పుకున్నాం. సున్నతో కొట్టేయడం అనేది లేదు.

ముందు సూక్ష్మీకరించాలా, నేరుగా పెట్టాలా?

అక్షరాలు ఒకటి రెండుసార్లే వస్తే నేరుగా పెట్టేయండి. ఒకే అక్షరం నాలుగైదు చోట్ల వస్తే, లేదా విలువ భిన్నమో పెద్ద సంఖ్యో అయితే, ముందు సజాతి పదాలను, అంటే అవే అక్షరాలు అవే ఘాతాలతో ఉన్న పదాలను, కలిపేయడం మేలు.

7క − 3(2క − గ) + 2(గ − క)

బ్రాకెట్లు విప్పితే 7క − 6క + 3గ + 2గ − 2క. కలిపితే −క + 5గ. ఇప్పుడు క = 12, గ = 2.5 అంటే −12 + 12.5 = 0.5. నేరుగా చేస్తే 84 − 64.5 − 19, అదీ 0.5. జవాబు ఒకటే, శ్రమలో తేడా. కాకపోతే విప్పేటప్పుడు −3 ను లోపలి రెండు పదాలకూ పంచాలి. −3 × −గ = +3గ. రెండో పదానికి పంచడం మరిచిపోయి −గ అనే వదిలేస్తే జవాబు −9.5 అవుతుంది. విప్పడంలో చేయి తిరగనివాళ్లకు నేరుగా పెట్టడమే క్షేమం. సమయం ఉంటే రెండు దారుల్లోనూ చేసి సరిచూసుకోండి, ఇంతకన్నా గట్టి తనిఖీ లేదు.

పై మొదటి లెక్కకూ అలాంటి తనిఖీ ఉంది. 2క² − 3కగ + గ² ని (2క − గ)(క − గ) అని విడగొట్టవచ్చు. క = −2, గ = 3 పెడితే (−7)(−5) = 35, అందులోంచి 4 పోతే 31.

సూక్ష్మీకరణ సరిగ్గా జరిగిందా అని చూడటానికి ఏదో ఒక విలువ పెట్టి రెండు వైపులా సరిపోల్చడం మంచి అలవాటే, కానీ 0, 1, 2 లను ఎంచుకోవద్దు. అవి తప్పును కప్పేస్తాయి. 2 + 2, 2 × 2, 2² మూడూ 4 కాబట్టి కూడిక స్థానంలో గుణకారం చేసినా 2 పట్టించదు. 1ని ఎన్నిసార్లు గుణించినా 1. (క + గ)² ని క² + గ² అని తప్పు రాసినవాడు గ = 0 పెట్టి చూసుకుంటే రెండు వైపులా సరిపోతుంది, తృప్తిగా పేజీ తిప్పేస్తాడు. 3, 5 పెట్టి ఉంటే 64, 34 అని వెంటనే బయటపడేది. తనిఖీకి 3, 7, −2 లాంటివి పెట్టండి.

ఘాతాలు పెద్దవైనప్పుడు ఒక దగ్గరి దారి

2క³ − 5క² + 3క − 7 లో క = 4 పెట్టాలి. మామూలుగా అయితే 64, 16 కనుక్కుని, గుణించి, 128 − 80 + 12 − 7 = 53 అంటారు. గుణకాలను మాత్రమే వరసగా పెట్టుకుంటే ఇంకా తేలిక: 2, −5, 3, −7. మొదటి గుణకం 2ని 4తో గుణించి −5 కలపండి: 3. దాన్ని 4తో గుణించి 3 కలపండి: 15. దాన్ని 4తో గుణించి −7 కలపండి: 53. ఘాతాలు కట్టే పనే లేదు. దీన్ని హార్నర్ పద్ధతి అంటారు. షరతు ఒక్కటే. మధ్యలో ఏ ఘాతమైనా లేకపోతే దాని గుణకం 0 అని వరసలో రాయాలి. క³ − 4 అంటే 1, 0, 0, −4. ఆ సున్నాలు వదిలేస్తే వేరే సమాసానికి విలువ కట్టినట్టవుతుంది.

సూత్రాల్లో ఇదే పని

బడి దాటాక బీజీయ సమాసం మనకు సూత్రం వేషంలో ఎదురవుతుంది. అక్కడ ప్రమాణాలు అనే ఇంకో మెలిక తోడవుతుంది.

ఇంటి స్థలం ముందు వైపు 40 అడుగులు, వెనక వైపు 50 అడుగులు, ఆ రెండు హద్దులూ సమాంతరం, మధ్య లోతు 60 అడుగులు. వైశాల్యం = (ము + వె) × లో ÷ 2. విలువలు పెడితే (40 + 50) × 60 ÷ 2 = 2700 చదరపు అడుగులు. గజాలు కావాలంటే 9తో భాగించాలి, 3తో కాదు. గజానికి 3 అడుగులు నిజమే, చదరపు గజానికి 3 × 3 చదరపు అడుగులు. 300 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు కాబట్టి దాదాపు 6.2 సెంట్లు. గుంటల్లో కొలిచే చోట, గుంటకు 121 గజాల చొప్పున, దాదాపు 2.48 గుంటలు.

ఇదే లెక్కను బ్రాకెట్ లేకుండా 40 + 50 × 60 ÷ 2 అని నొక్కి చూడండి. కిరాణా కొట్టులో ఉండే మామూలు కాలిక్యులేటర్ నొక్కింది నొక్కినట్టే చేసుకుంటూ పోతుంది. 90, 5400, 2700. జవాబు సరైనదే, కానీ అదృష్టం కొద్దీ. ఫోన్‌లోని కాలిక్యులేటర్ గుణకారం ముందు చేస్తుంది కాబట్టి 40 + 1500 = 1540 అంటుంది. నొక్కిన మీటలు అవే, స్థలం మాత్రం దాదాపు సగానికి తగ్గిపోయింది.

వడ్డీ లెక్క చూద్దాం. బారువడ్డీ = అ × రే × కా ÷ 100. ఊళ్లో అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారంటే అది నెలకు. బడి పుస్తకంలో రేటు సంవత్సరానికి. 40,000 అసలు మీద ఏడాది మూడు నెలలకు ఎంత? రేటు నెలకు 2 అయితే కాలం కూడా నెలల్లోనే 15: 40000 × 2 × 15 ÷ 100 = 12,000. సంవత్సరాల్లో చేస్తే రేటు 24, కాలం 1.25: అదే 12,000. రేటు 2 అని, కాలం 1.25 అని కలగాపులగం చేస్తే 1,000 వస్తుంది. ఏడాది మూడు నెలల్ని 1.3 అని రాస్తే 12,480. మూడు నెలలు ఏడాదిలో పావు భాగం, పదో వంతులు మూడు కావు. సంఖ్య పెట్టే ముందే దాని పక్కన నెలలో, సంవత్సరాలో రాసుకోండి.

సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చే సూత్రం 9సె/5 + 32. ఎండ 45 డిగ్రీలుంటే 9 × 45 ÷ 5 = 81, దానికి 32 కలిపితే 113. ముందే 32 కలిపి 77ను 9/5తో గుణిస్తే 138.6 వస్తుంది. జ్వరం చూసే 37 పెడితే 98.6 రావాలి, −40 పెడితే −40 రావాలి. జవాబు ముందే తెలిసిన ఇలాంటి విలువ ఒకటి పెట్టి చూస్తే, సూత్రం సరిగ్గా గుర్తుందో లేదో తెలిసిపోతుంది.

యంత్రాన్ని నమ్మేటప్పుడు

భిన్నం గీతను కాలిక్యులేటర్‌లో ÷ గా మార్చినప్పుడు పైన, కింద ఉన్న ముద్దలు రెండింటికీ బ్రాకెట్లు మీరే పెట్టాలి. (క + 6)/(క − 2) లో క = 8 అయితే 14/6, అంటే 7/3. బ్రాకెట్లు లేకుండా 8 + 6 ÷ 8 − 2 నొక్కితే 6.75 వస్తుంది.

−3² దగ్గర యంత్రాలకే ఏకాభిప్రాయం లేదు. గణితంలో దాని విలువ −9. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినా −9 వస్తుంది. ఎక్సెల్‌లో సమాన గుర్తు తర్వాత నేరుగా −3 రాసి వర్గం చేయమంటే 9 అంటుంది, ఎందుకంటే అది మొదట్లోని మైనస్‌ను సంఖ్యలో భాగంగా తీసుకుంటుంది. అదే 0 − 3² అని రాస్తే −9 ఇస్తుంది. పట్టికల్లో సూత్రాలు రాసేవాళ్లు 3² కు బ్రాకెట్ వేసి, దాని బయట మైనస్ పెట్టడం మంచిది.

చేయి తిరగడానికి

ఈ మూడూ బ్రాకెట్ వరసతో సహా రాసి చూడండి. −క² + 4క − 1 లో క = −3 పెడితే −22 రావాలి. −4 వచ్చిందంటే ఎదుటి మైనస్‌ను వర్గంలోకి లాగారు. (క − గ)/(క + గ) లో క = −5, గ = 3 పెడితే 4. క³ − 2క²గ లో క = −1, గ = −4 పెడితే 7.

ఇంకా కావాలంటే గణితవేత్త ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన క² + క + 41 ని తీసుకోండి. క = 7 అయితే 49 + 7 + 41 = 97. క = 10 అయితే 151. 0 నుంచి 39 దాకా ఏ పూర్ణసంఖ్య పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. మీకు వచ్చిన జవాబు సరి సంఖ్య అయినా, 3తోనో 5తోనో తెగినా లెక్క తప్పినట్టే. 39 దగ్గర 1601 వస్తుంది, అదీ ప్రధాన సంఖ్యే. 40 పెట్టగానే 1681, అంటే 41 × 41, వచ్చి ఆ వరస తెగిపోతుంది. 41 పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి గుణించే పని కూడా లేదు. బ్రాకెట్ల వరస రాసి చూడండి: (41)² + (41) + 41. మూడు పదాల్లోనూ 41 ఉంది.